ఆడపిల్లల విమాన, విజ్ఞాన శిబిరం: చెమట పట్టకుండా గట్టెక్కించే పన్నెండు చిట్కాలు

మామునూరుకు మళ్లీ మంచిరోజులొచ్చాయి. నిజాం కాలంలో 1930లో కట్టిన విమానాశ్రయం అది. 1981 తర్వాత ప్రయాణికుల మొహం చూడలేదు. దాన్ని మళ్లీ తెరవడానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం సరేనంది. ఇక చూడండి, ఓరుగల్లులో ప్రతి కాలేజీకీ, ప్రతి క్లబ్బుకీ, ప్రతి ఆఫీసుకీ ఒకటే ఆలోచన తడుతుంది: మన ఆడపిల్లలను పైలట్లను చేద్దాం, సైంటిస్టులను చేద్దాం, మూడు రోజుల శిబిరం పెడదాం.

పెట్టండి. తప్పకుండా పెట్టండి. కానీ తెలిసి పెట్టండి.

నేను పదకొండు శిబిరాలు నడిపాను. హనుమకొండలో ఆరు, వరంగల్లో మూడు, కాజీపేటలో రెండు. ఒక్క ఫిర్యాదు రాలేదు. ఆడిట్‌లో ఒక్క అభ్యంతరం పడలేదు. ఏ తండ్రీ వచ్చి మా పిల్లకు లేనిపోనివి నూరిపోశారని నిలదీయలేదు. ఎలా వచ్చిన పిల్ల అలాగే ఇల్లు చేరింది. ఈ పనంటే నాకు ప్రాణం. అందుకే ఇన్నేళ్లలో నేర్చుకున్నది దాచుకోకుండా మీ చేతిలో పెడుతున్నాను. మూల సూత్రం ఒక్కటే: శిబిరం మూడో రోజు సాయంత్రం ఐదింటికి పూర్తిగా ముగిసిపోవాలి. నాలుగో రోజు పొద్దునకు ఏ పిల్ల బుర్రలోనూ ఒక్క ప్రశ్న కూడా మిగలకూడదు.

1. తేదీతోనే సగం పని కానివ్వండి

ఫిబ్రవరి చివరి వారం పట్టుకోండి. పదో తరగతి పరీక్షలు మార్చిలో ఉంటాయి కనుక అప్పటికి ప్రీ ఫైనల్ హడావుడి ఉంటుంది. రావాలనుకున్న పిల్లలు రాలేరు. రాలేదని మిమ్మల్ని ఎవరూ అనలేరు. అది దాటిపోతే మే రెండో వారం పెట్టండి. మన ఎండలకు పదకొండున్నరకే అందరికీ ఇల్లు గుర్తొస్తుంది. బతుకమ్మ రోజుల్లో పెడితే ఇంకా మేలు. పూలు తేవాలి సార్ అని పిల్లలే మూడింటికి లేస్తారు, మీరు పెద్దమనసు చేసుకుని పంపించేయొచ్చు.

ఆహ్వానం ముందురోజు రాత్రి పదింటికి హెచ్ఎంల వాట్సాప్ గ్రూపులో వేయండి. చూసినవాళ్లు చూస్తారు. చూడనివాళ్లకు రేపు స్క్రీన్‌షాట్ చూపించొచ్చు.

2. అడిగిన పిల్లను తీసుకోకండి

నలభై మంది చాలు. నలభై మందినీ ఒకే హాస్టల్ నుంచి, ఒకే బస్సులో తెప్పించండి. వార్డెన్ ఒక్క సంతకంతో హాజరు పట్టీ నిండిపోతుంది. పర్వతగిరి, నెక్కొండ, సంగెం వైపు జెడ్పీ స్కూళ్ల జోలికి పోకండి. అక్కడి పిల్లకు బస్సు చూడాలి, తోడు చూడాలి, వాళ్ల నాయినను ఒప్పించాలి. ఇస్రో వాళ్లు 2019 నుంచి యువిక పేరుతో తొమ్మిదో తరగతి పిల్లలకు రెండు వారాల శిబిరం పెడుతున్నారు. పంచాయతీ ఊళ్ల బడుల్లో చదివేవాళ్లకు ఎంపికలో ప్రత్యేకంగా మార్కులు కలుపుతారు. అది వాళ్ల ఓపిక. మీరు నేర్చుకోవాల్సిన పద్ధతి కాదు.

‘నేనొస్త సార్’ అని తనంతట తాను చెయ్యెత్తిన పిల్లను మాత్రం అస్సలు రానివ్వకండి. అలాంటి పిల్ల ముందు వరసలో కూర్చుంటుంది. పెన్ను తెచ్చుకుంటుంది. మూడు రోజులూ మీకు మనశ్శాంతి ఉండదు.

3. ఫ్లెక్సీ పెద్దది, బొమ్మలు దూరానివి

శిబిరానికి ప్రాణం ఫ్లెక్సీ. ఇరవై అడుగులకు తగ్గకండి. పైన ముఖ్య అతిథి, పక్కన మీరు, కింద ఎగురుతున్న విమానం, ఒక మూల గుర్రం మీద రాణి రుద్రమ, ఇంకో మూల కల్పనా చావ్లా. సంవత్సరం అంకెల దగ్గర కాస్త ఖాళీ ఉంచండి. వచ్చే ఏడాది స్టిక్కర్ అంటిస్తే సరిపోతుంది.

మనకు దగ్గరి మనుషుల బొమ్మలు మాత్రం వేయకండి. తిరుపతిలో పుట్టిన పద్మావతి బందోపాధ్యాయ మన వైమానిక దళంలో ఎయిర్ మార్షల్ అయిన తొలి మహిళ. గుంటూరు జిల్లాలో మూలాలున్న శిరీష బండ్ల 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ నౌకలో అంతరిక్షం అంచు చూసొచ్చింది. టెస్సీ థామస్ హైదరాబాద్ క్షిపణి ల్యాబులో కూర్చుని అగ్ని-4 ప్రాజెక్టు నడిపింది. హైదరాబాద్ పాతబస్తీలో బేకరీ పనివాడి కూతురు కమర్షియల్ పైలట్ లైసెన్సు తెచ్చుకుంది. వీళ్ల బొమ్మలు చూస్తే పిల్ల లెక్కలు మొదలుపెడుతుంది: ఆమె ఏ బడిలో చదివింది, వాళ్ల నాయిన ఏం చేసేవాడు, ఫీజు ఎవరు కట్టారు? రుద్రమ బొమ్మ చూసి ఎవరూ ఫీజు సంగతి అడగరు.

4. ప్రారంభోత్సవాన్ని భోజనాల దాకా లాగండి

కార్డు మీద పదింటికి అని వేయండి. ముఖ్య అతిథికి పదకొండున్నర అని చెప్పండి. ఆయన పన్నెండింటికి వస్తారు. ఈలోగా పిల్లలతో రెండు స్వాగత నృత్యాలు చేయించండి. ఆ తర్వాత వరస తప్పకండి: జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, వేదిక మీదికి పిలుపులు, పూలబొకేలు, శాలువాలు, మెమెంటోలు, సందేశాలు. అగ్గిపుల్ల ఆరిపోయి మళ్లీ వెలిగించాల్సి వస్తే ఇంకో అయిదు నిమిషాలు కలిసొస్తాయి. ఫ్యాను ఆపకండి.

ప్రతి వక్తనూ ‘ఆకాశమే హద్దు’ అనమనండి. ఆ మాటకు చప్పట్లు తప్పవు. పైగా అది ఏ గ్రూపు తీసుకోవాలో, ఏ ఫారం నింపాలో, ఏ తేదీలోగా నింపాలో చెప్పదు. మొదటిరోజు అలా హాయిగా గడిచిపోతుంది.

5. విమానం నడిపిన మనిషిని పిలవకండి

మంచి వక్తకు ఉండాల్సింది గొంతు, ఖాళీ సమయం. రిటైరై ఇంట్లో ఉన్న పెద్దమనిషిని పట్టుకోండి. ఆయన తన చిన్నతనంలో కందిలి దీపం కింద చదివిన సంగతి గంటన్నర చెబుతారు. పిల్లలు నిశ్శబ్దంగా వింటారు, కొందరు నిద్రపోతారు. నిద్రపోయిన పిల్ల ప్రశ్న అడగదు.

కాజీపేట దారిలో నిట్ ఉంది. 1959 అక్టోబరులో నెహ్రూ పునాదిరాయి వేసిన కాలేజీ, దేశంలోని ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీల్లో మొదటిది. దగ్గరే కదా అని అక్కడి అమ్మాయిలను పిలుస్తారేమో, జాగ్రత్త. వాళ్లకు పంతొమ్మిదేళ్లు. మీ శిబిరం పిల్లకు పద్నాలుగు. మధ్యలో అయిదేళ్లే తేడా. అక్కా, నీకెంత ర్యాంకొచ్చింది, హాస్టల్ ఎట్లుంటది, మెకానికల్‌లో ఎంతమంది ఆడపిల్లలున్నరు అని మొదలుపెడతారు. ఐఐటీల్లో, నిట్లలో 2018 నుంచి ఆడపిల్లలకు అదనపు సీట్లు పెట్టిన సంగతి ఆ అక్క నోటివెంట రానే వస్తుంది. ఇక మీ చేతిలో మైకున్నా ఫలితం ఉండదు.

తప్పనిసరై ఎవరైనా మహిళా ఇంజనీరును పిలిస్తే రెండే ప్రశ్నలు వేయండి: ఇంటినీ ఉద్యోగాన్నీ ఎలా సర్దుకుంటున్నారు, పిల్లలను ఎవరు చూస్తారు? ఆమె పని గురించి మూడో ప్రశ్న వచ్చేలోపు శాలువా కప్పేయండి.

6. విమానం ఎందుకు ఎగురుతుందో ఒక్క ముక్కలో తేల్చేయండి

బోర్డు మీద రెక్క బొమ్మ గీయండి. పైభాగం వంపు తిరిగింది కాబట్టి పైన పోయే గాలికి దూరం ఎక్కువ, కింద గాలిని అందుకోవడానికి అది పరుగెత్తుతుంది, అందుకే విమానం లేస్తుంది అని చెప్పి చాక్‌పీసు కింద పెట్టండి. వినడానికి చక్కగా ఉంటుంది. పై గాలి కింద గాలిని అందుకోవాలన్న నియమం నిజానికి ఎక్కడా లేదు. అయినా ఈ కథ ఒక నిమిషంలో అయిపోతుంది, అదే దాని బలం.

అసలు సంగతి చెప్పబోతే చిక్కు. రెక్క గాలిని కిందికి నెడుతుంది, గాలి రెక్కను పైకి నెడుతుంది. ఇది తెలుసుకోవడానికి బోర్డు కూడా అక్కర్లేదు. బస్సు కిటికీలోంచి అరచెయ్యి బయటపెట్టి ముందు అంచును కొద్దిగా పైకి వంచితే చెయ్యి దానంతటదే లేస్తుంది. ఇంకా వంచితే ఒక్కసారిగా పట్టు తప్పి వెనక్కి కొట్టుకుంటుంది. ఈ మాట చెప్పారా, ఇంటికెళ్లే దారిలో బస్సుకు రెండువైపులా నలభై చేతులు బయటకొస్తాయి. డ్రైవరు మిమ్మల్ని తిడతాడు. 

మరి విమానం తలకిందులుగా ఎలా ఎగురుతుంది సార్ అని ఎవరైనా అడిగితే ‘అది పై క్లాసుల్లో వస్తుంది’ అనండి. ఈ జవాబు ఏ ప్రశ్నకైనా సరిపోతుంది.

7. కాగితం విమానాల దగ్గర కాపలా ఉండండి

ఇది అనుభవంతో చెబుతున్నాను, జాగ్రత్తగా వినండి. ఒక శిబిరంలో రెండో రోజు మధ్యాహ్నం వక్త రాలేదు. కాలక్షేపానికి తలా ఒక తెల్లకాగితం ఇచ్చి విమానాలు చేయమన్నాను. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి, వెనక వరస. ఆమె విమానం వదలగానే ముక్కు పైకెత్తి, ఒక్క క్షణం గాల్లో ఆగి, తోక కిందికి జారి పడిపోయేది. మూడుసార్లు అలాగే పడింది. నాలుగోసారి ఆ పిల్ల జడలోంచి నల్ల పిన్ను ఒకటి తీసి విమానం ముక్కుకు పెట్టింది. వదిలింది. హాలు ఆ చివర నుంచి ఈ చివరకు తిన్నగా వచ్చి నా బల్ల మీద, వోచర్ల ఫైలు పక్కన వాలింది.

‘సార్, బరువు పెడితే కింద పడాలె గదా, ఇంక దూరమెట్ల పోయింది?’ అంది.

భోజనాల టైమైందమ్మా అన్నాను. అప్పటికి భోజనాలై గంటయింది. ఆ పిల్ల ఊరుకోలేదు. పిన్నును ఒక వేలెడు వెనక్కి జరిపి వదిలింది, రెండు వేళ్లు వెనక్కి జరిపి వదిలింది. ప్రతిసారీ పరిచిన బండలు లెక్కపెట్టుకుంటూ వచ్చి నోటుబుక్కు చివరి పేజీలో రాసుకుంది. ముక్కు దగ్గర పిన్ను: పంతొమ్మిది బండలు. మధ్యలో పిన్ను: ఏడు. తోక దగ్గర: రెండు. చూస్తుండగానే నలభై మంది జడల్లోంచి పిన్నులు బయటకొచ్చాయి. జుట్లు విరబోసుకుని బండలు లెక్కపెట్టుకుంటూ హాలంతా తిరుగుతున్నారు. టీ చల్లారిపోయింది. ఫొటోగ్రాఫరు ఒక్కరినీ కుదురుగా నిలబెట్టలేకపోయాడు.

అప్పటి నుంచి నా శిబిరాల్లో కాగితం విమానాన్ని వేదిక మీద అతిథిగారు ఒక్కరే ఎగరేస్తారు, ఒక్కసారే. మీరూ అదే పాటించండి. ముక్కు బరువైతే విమానం బరువంతా నిలిచే చోటు ముందుకు జరుగుతుందనీ, అప్పుడు ముక్కు ఊరికే పైకి లేవదనీ, అసలు విమానంలో సామాన్లు ఎక్కడ సర్దాలో కూడా ఇదే లెక్క చూసి నిర్ణయిస్తారనీ పొరపాటున కూడా నోరు జారకండి. బాటిల్ రాకెట్లు సరేసరి. మూడో వంతు నీళ్లు, సైకిల్ పంపు, ఒక బిరడా చాలు. అంత చవగ్గా దొరికే సామాను పిల్లల కంట పడనివ్వకండి. ఇంటికెళ్లి చేసుకుంటారు.

8. మామునూరును బస్సులోంచే చూపించండి

విహారం ఉండాలి, ఫొటోలకు అవసరం. వేయిస్తంభాల గుడి, భద్రకాళి చెరువు, కోటలో కీర్తితోరణం. మూడు చోట్లా గ్రూపు ఫొటో. వీటికీ విమానాలకూ సంబంధమేంటని ఎవరూ అడగరు. ప్రతాపరుద్ర ప్లానెటేరియం తెరిచుంటే తీసుకెళ్లండి, చీకట్లో ఒక కునుకు తీయొచ్చు.

మామునూరు దగ్గర మాత్రం బస్సు ఆపకండి. దిగితే మొదలవుతుంది. ఇంత పాత రన్‌వే ఎందుకు మూతపడింది? 1981 తర్వాత ఇన్నేళ్లూ ఎందుకు తెరవలేదు? శంషాబాద్ ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకూడదన్న షరతు ఉండేదనీ, దానికి మినహాయింపు వచ్చాకే మనకు దారి తెరుచుకుందనీ చెప్పాల్సొస్తుంది. ఆ వెంటనే అడుగుతారు: మరి ఇది మొదలైతే ఇక్కడ ఉద్యోగాలెవరికి సార్? ఈ ప్రశ్నకు పై క్లాసుల్లో వస్తుందని చెప్పినా కుదరదు. రన్‌వే మీద విమానాలు దిగేనాటికి ఈ పిల్లలకే ఉద్యోగ వయసొస్తుంది.

దుండిగల్ వైమానిక దళ అకాడమీ మాట కూడా ఎత్తకండి. 2016 జూన్ 18న ముగ్గురమ్మాయిలు అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ అక్కడే యుద్ధవిమాన పైలట్లుగా బయటికొచ్చారు. వరంగల్ నుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరే దూరం. అంత దగ్గరని పిల్లలకు తెలియడం మంచిది కాదు.

9. కెరీర్ గైడెన్స్‌ను ఒక్క అంకెతో ముగించండి

ఈ సెషన్ ప్రమాదకరమైంది. ఇరవై నిమిషాలు మించనివ్వకండి. పైలట్ కావాలంటే యాభై లక్షలమ్మా అని మొదటి వాక్యంలోనే చెప్పండి. హాలు చల్లబడుతుంది. ‘కష్టపడి చదవండి, తల్లిదండ్రుల మాట వినండి’ అని ముగించండి.

ఆ అంకె తర్వాత చెప్పకూడనివి రాసుకోండి, గోడకు అతికించుకోండి:

— ఇంటర్‌లో ఫిజిక్సు, మ్యాథ్సు ఉండాలన్న సంగతి. పదో తరగతి ఫలితాల ముందు ఈ ఒక్క మాట చెవిన పడితే పిల్ల ఎంపీసీ అడుగుతుంది.

— పదహారేళ్లకే స్టూడెంట్ పైలట్ లైసెన్సు తీసుకోవచ్చనీ, పద్దెనిమిది నిండి 200 గంటలు ఎగిరితే కమర్షియల్ లైసెన్సుకు దారి ఉందనీ. గంటల్లో చెబితే అది అందే పనిలా వినిపిస్తుంది.

— కళ్లద్దాల సంగతి. అద్దాలున్న పిల్ల అడిగితే నీకు కుదరదమ్మా అనేయండి. అద్దాలతో చూపు సరిపోతే వైద్యపరీక్ష గట్టెక్కొచ్చని నిబంధనల్లోనే ఉంది. అది నిబంధనల్లోనే ఉండనివ్వండి.

— సైనికాధికారులను తయారుచేసే ఎన్డీఏ అకాడమీ. 2022లో మొదటిసారి అమ్మాయిలు చేరారు, 2025 మేలో పదిహేడు మంది చదువు ముగించి బయటికొచ్చారు. అక్కడ శిక్షణకు ఇంటివాళ్లు లక్షలు కట్టక్కర్లేదు. ఇది చెబితే మీ యాభై లక్షల మాట అక్కడే చచ్చిపోతుంది.

— కాక్‌పిట్ బయటి పనులు. విమానాలకు దారి చూపే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్, ఇంజను విప్పి బిగించే మెయింటెనెన్స్ ఇంజనీరు, వాతావరణం చూసేవాళ్లు. డ్రోన్ పైలట్ సర్టిఫికెట్‌కైతే పదో తరగతి పాసై, పద్దెనిమిదేళ్లుంటే చాలు.

— స్కాలర్‌షిప్పులు. ఇంజనీరింగ్, డిప్లొమా చదివే ఆడపిల్లలకు ప్రగతి కింద ఏడాదికి 50 వేలు. బడిపిల్లల ఆలోచనలకు ఇన్‌స్పైర్ మానక్ కింద 10 వేలు. తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఆడపిల్లలకు నవోదయల ద్వారా విజ్ఞాన్ జ్యోతి. మామునూరులోనే నవోదయ ఉంది, చూశారా ఎంత పక్కనో. ఫారాలు ఎవరు నింపుతారు?

— మన దేశ పైలట్లలో ఆడవాళ్లు సుమారు 15 శాతం, ప్రపంచంలో చూస్తే 5 శాతం దగ్గర. ఈ ఒక్క లెక్క చాలు పిల్లల తలకెక్కడానికి.

10. అమ్మానాన్నలకు సిద్ధంగా ఉన్న మాటలివ్వండి

తల్లిదండ్రులను ముగింపు సభకు మాత్రమే పిలవండి, వెనక కుర్చీల్లో కూర్చోబెట్టండి. శిబిరం మధ్యలో వచ్చి కూతురు చేసిన పని చూస్తే ముచ్చటపడతారు. ముచ్చటపడ్డ తండ్రిని వెనక్కి తిప్పడం కష్టం. ఎవరైనా దగ్గరికొచ్చి ‘మా బిడ్డకు బాగ ఇంట్రెస్టున్నది సార్, ఏం చేయమంటరు’ అని అడిగితే, కింది మాటల్లో ఒకటి వాడండి. అన్నీ పరీక్షించి చూసినవే:

— రాత్రి డ్యూటీలుంటాయి అన్నా, ఆడపిల్లకు కష్టం.

— ముందు డిగ్రీ కానివ్వండి, తర్వాత చూద్దాం.

— ఒక్కతే పిల్ల కదా, అంత దూరం ఎందుకు పంపుతారు?

— టీచరైతే మధ్యాహ్నానికి ఇంటికొచ్చేస్తుంది.

— పెళ్లివారు ఏమంటారో అది కూడా చూసుకోవాలి కదా.

ఈ మాటలు ఆ ఇంట్లో పదేళ్లు పనిచేస్తాయి. మీరు మళ్లీ వెళ్లి చెప్పక్కర్లేదు. మేనత్త చెబుతుంది, పక్కింటివాళ్లు చెబుతారు. కొన్నాళ్లకు ఆ పిల్లే చెబుతుంది.

11. సర్టిఫికెట్లు ముందు, శిబిరం తర్వాత

సర్టిఫికెట్లు శిబిరానికి వారం ముందే అచ్చువేయించండి. ‘విజయవంతంగా పూర్తిచేసినందుకు’ అన్న మాట బంగారు రంగులో ఉండాలి. పేరు దగ్గర చుక్కలు వదలండి, ఇంటికెళ్లి ఎవరిది వాళ్లు రాసుకుంటారు. అభిప్రాయాల ఫారం పిల్లల ఇష్టానికి వదలకండి. మైకులో చెప్పి రాయించండి: ‘శిబిరం చాలా బాగుంది. భోజనం బాగుంది. చాలా నేర్చుకున్నాను.’ ఏం నేర్చుకున్నావన్న గడి ఫారంలో పెట్టకండి.

బిల్లుల్లో శిక్షణ సామగ్రి అన్న పద్దు తప్పనిసరి. షామియానా, శాలువాలు, ప్లేటు భోజనాలు అయ్యాక మిగిలింది అందులో చూపించండి. నమూనాకు ఒక వస్తువు ఫైలులో ఉంటే ఆడిట్ వాళ్లు తృప్తిపడతారు.

12. ఫోను నంబరు ఇవ్వకండి

అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. వాట్సాప్ గ్రూపు పెట్టండి, అడ్మిన్ మాత్రమే రాసేలా పెట్టండి. ఫొటోలు వేసి ఊరుకోండి. శిబిరం ఆగకుండా సాగితే ఏమవుతుందో మనకు తెలుసు. గురుకులంలో చదివే మలావత్ పూర్ణను భువనగిరి రాతిగుట్ట మీద శిక్షణకు తీసుకెళ్లారు. అంతటితో సర్టిఫికెట్ ఇచ్చి ఇంటికి పంపితే సరిపోయేది. పంపలేదు. డార్జిలింగ్ తీసుకెళ్లారు, ఇంకా పైకి తీసుకెళ్లారు. 2014 మే 25న, పద్నాలుగేళ్లు కూడా నిండకుండా, ఆ పిల్ల ఎవరెస్టు మీద నిలబడింది. వరంగల్ నుంచి హైదరాబాద్ పోయే ప్రతి బస్సూ ఆ గుట్ట పక్కనుంచే పోతుంది. తర్వాత ఏంటి అని ఎవరో ఒకరు అడుగుతూ పోయినందుకే ఇంత దూరం వచ్చింది.

నా దగ్గర అలాంటిది ఒక్కటీ జరగలేదని గర్వంగా చెప్పగలను. ఒక్కసారి మాత్రం దగ్గరిదాకా వచ్చింది. పిన్ను పెట్టిన పిల్ల గుర్తుంది కదా. ఏడాది దాటాక, పదో తరగతి ఫలితాలొచ్చిన వారంలో, ఎవరి దగ్గర తీసుకుందో నా నంబరు తీసుకుని ఫోన్ చేసింది.

‘సార్, నేను క్యాంపుకొచ్చిన. పిన్ను పెట్టిన సూడున్రి, ఆ పిల్లను. ఎంపీసీ తీసుకుంటేనే విమానాల దిక్కు పోవచ్చునంట. నిజమేనా సార్? ఇంట్ల సీఈసీ తీసుకోమంటున్నరు. కాలేజీ దగ్గరున్నదని. రేపే చివరి తారీఖు.’

నేను మీటింగులో లేను. అన్నం తిని పడుకున్నాను. మీటింగులో ఉన్నానమ్మా, రేపు సాయంత్రం చెయ్యి అన్నాను. సరే సార్ అంది. కాసేపు లైన్లోనే ఉంది, నేనేమన్నా అంటానేమోనని. నేను పెట్టేశాను. మర్నాడు సాయంత్రం ఫోన్ రాలేదు. దగ్గరి కాలేజీలోనే చేరిందని తర్వాత వార్డెన్ చెప్పింది.

చూడండి, ఎంత తేలికో. వాదించక్కర్లేదు, వద్దని చెప్పక్కర్లేదు. ఒక్క రోజు ఆలస్యం చేస్తే చాలు.

ఆ కాగితం విమానం ఇప్పటికీ ఆ ఏటి వోచర్ల ఫైలులోనే ఉంది. ఆడిట్‌కొచ్చినాయన తీసి, ఇదేంటన్నాడు. శిక్షణ సామగ్రి, నమూనా అన్నాను. టిక్కు పెట్టి మళ్లీ అందులోనే పెట్టాడు. పిన్ను తుప్పుపట్టి పక్క కాగితానికి మరక అంటింది. అంతకు మించి ఏ నష్టమూ లేదు.

ఇక మీరు మొదలుపెట్టండి. ఫ్లెక్సీ నా దగ్గరే ఉంది, కావాలంటే తీసుకెళ్లండి. సంవత్సరం మీద స్టిక్కర్ అంటించుకుంటే చాలు.